తలుపు బయట ప్లంబరు

పానా పెద్దాయన ఎవరింటికి పనికి వెళ్లినా ముందు గోడకు చెవి పెడతాడు, ఆ తర్వాతే సంచిలో చెయ్యి పెడతాడు. నలభై ఏళ్లుగా అదే అలవాటు. గోడ లోపల ఎక్కడ కారుతోందో, ఏ మలుపులో గాలి పట్టిందో, ఏ వాల్వులో వాషరు అరిగిందో ఆయనకు చెవే చెప్పేస్తుంది. పక్కన ఇంటివాళ్లు మాట్లాడుతుంటే "కాసేపు ఊరుకోండి బాబూ, పైపు ఏదో చెబుతోంది" అని కసురుతాడు. ఇరవై నాలుగు గంటలూ చేతిలో పానా ఉంటుంది కనక ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో, నాకైతే అనుమానమే.

అలాంటి చెవులున్న మనిషి ఇంట్లో పన్నెండు రోజుల మనవరాలు పాలు తాగలేక గుక్కపట్టి ఏడుస్తుంటే ఆ చెవులు ఊరుకుంటాయా? ఊరుకోవు. కానీ ఆయన అవస్థ చూడండి. పిల్ల పాలు తాగేది లోపలి గదిలో, తలుపు దగ్గరగా వేసి. ఆ తలుపు అవతలికి మామగారు వెళ్లకూడదు. ఇవతల నిలబడి వినకూడదు. ఒకవేళ విన్నా, విన్నానని చెప్పకూడదు. ఇవన్నీ ఎవరూ కాగితం మీద రాసి గోడకు అంటించలేదు గానీ, అంటించినట్టే ఉంది ఆ ఇంట్లో.

కోడలు ఆషామాషీ మనిషి కాదు. ట్రాఫిక్ కానిస్టేబులు. నాలుగు రోడ్లు కలిసే చోట నిలబడి ఒక్క చెయ్యి ఎత్తిందంటే బస్సులు, లారీలు ఎక్కడివక్కడ ఆగిపోవాల్సిందే. ఆమె ఈల వినబడితే పెద్ద పెద్ద కార్లవాళ్లు కూడా సీటు బెల్టు తడుముకుంటారు. అలాంటి మనిషిని మూడు కిలోలు కూడా లేని పిల్ల ముప్పుతిప్పలు పెడుతోంది. రొమ్ము అందించగానే ఆబగా పట్టుకుంటుంది, నాలుగు గుటకలు వేస్తుంది, ఇంతలోనే ఉక్కిరిబిక్కిరై దగ్గి, తల వెనక్కి విరిచి, మొహం కందగడ్డలా చేసుకుని ఏడుపు లంకించుకుంటుంది. మళ్లీ అందిస్తే మొహం తిప్పేసుకుంటుంది. పావుగంట ఈ కుస్తీ అయ్యాక అలిసిపోయి నిద్రపోతుంది. అరగంటకు ఆకలేసి లేస్తుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది.

పుట్టినప్పుడు సరిగ్గా మూడు కిలోలు. పన్నెండో రోజున తూస్తే రెండు కిలోల ఏడువందల అరవై గ్రాములు. పిల్లల డాక్టరమ్మ నెమ్మదస్తురాలు, కసరలేదు, భయపెట్టలేదు. "సోమవారం మళ్లీ తీసుకురండి. వంద గ్రాములైనా పెరగాలి. పెరగకపోతే డబ్బా పాలు మొదలుపెడదాం. అందులో తప్పేం లేదమ్మా, పిల్ల కడుపు నిండటం ముఖ్యం" అంది.

డబ్బా పాలంటే కోడలికి చిన్నచూపేం లేదు. ఆమె బాధ వేరు. ఆ బుధవారం మధ్యాహ్నం పెద్దాయన భోజనానికి వచ్చి హాల్లో చేతులు కడుక్కుంటుంటే లోపలి గదిలోంచి కోడలి గొంతు వినబడింది.

"అత్తయ్యా, దీనికి నేనంటేనే పడట్లేదు. మీరెత్తుకుంటే ఊరుకుంటుంది. ఆయనెత్తుకుంటే ఊరుకుంటుంది. నా ఒళ్లోకి వచ్చేసరికి మొహం తిప్పుకుని ఏడుస్తుంది. తల్లిని చూసి ఏడ్చే బిడ్డని ఎక్కడైనా చూశారా మీరు?"

"ఛ, అవేం మాటలమ్మా" అంది అత్తగారు. "నీకు పాలు చాలట్లేదు, అంతే. పాలుంటే అదెందుకు ఏడుస్తుంది? నేను చూసుకుంటాగా."

రోడ్డు మధ్యలో నిలబడి లారీ డ్రైవర్లను గడగడలాడించే గొంతు అది. అది అలా బొంగురుపోవడం పెద్దాయన ఎప్పుడూ వినలేదు. ఆయన మనసు చివుక్కుమంది. ఆ పూట కంచం ముందు కూర్చున్నాడు గానీ ఏం తిన్నాడో ఆయనకే తెలీదు.

అత్తగారు ఆ రోజు నుంచే నడుం బిగించింది. పాలు పడతాయని ఎవరేది చెబితే అది వండింది. పొద్దున ఒకటి, పదింటికి ఒకటి, మధ్యాహ్నం రెండు. కోడలు పళ్లెం చూసి "అత్తయ్యా, ఇంకా పట్టదు" అన్నా వదల్లేదు. ఆవిడ పట్టుదలకు పెద్ద పెద్ద వాళ్లే జడుస్తారు, బాలింత ఎంత.

పెద్దాయన మాత్రం తన పని తాను మొదలుపెట్టాడు. ఆ లోపలి గది తలుపు పక్కనే, హాల్లో, వాష్ బేసిన్ ఉంది. పిల్ల పాలకు లేచిందంటే చాలు, ఈయన పానా తీసుకుని ఆ బేసిన్ దగ్గరికి చేరేవాడు. రెండు రోజుల్లో ఆ కొళాయిని ఆరుసార్లు విప్పాడు, ఆరుసార్లు బిగించాడు. కొత్త కొళాయి, దానికి ఏ రోగమూ లేదు. చెవి మాత్రం తలుపు వైపు.

విన్నాడు. గుటక, గుటక, గుటక. వెంటనే దగ్గు. తర్వాత నిశ్శబ్దం. తర్వాత ఏడుపు. మళ్లీ అదే వరస. మూడోసారి వినేసరికి పెద్దాయన కళ్లు మెరిశాయి. పైపులో గాలి పడితే నీళ్లు అచ్చం ఇలాగే దగ్గి దగ్గి వస్తాయి. దానికి మందు కూడా ఆయనకు తెలుసు. పైపు మీద వేడినీళ్ల గుడ్డ వేస్తే లోపల అడ్డం వీడి, ధార సాఫీ అవుతుంది. లోకంలో ఇంకెవరూ ఇలా అనుకోరు. నలభై ఏళ్లు పైపులతో కాపురం చేసిన మనిషి కనక ఆయన అనుకున్నాడు.

గురువారం భార్యను వంటింట్లో దొరకబుచ్చుకుని గొంతు తగ్గించి అన్నాడు. "ఏమే, అమ్మాయికి వేడినీళ్లలో ముంచిన గుడ్డతో కాపడం పెట్టు. పాలకు ముందు."

"మీకెవరు చెప్పారు?"

"ఎవరో ఒకావిడ. పనికెళ్లిన ఇంట్లో."

"ఏ ఇంటావిడ? కొళాయి బాగుచేయడానికి వెళ్లిన మనిషితో ఆవిడ ఈ మాటలెందుకు మాట్లాడింది?"

పెద్దాయన నాలుక కరుచుకున్నాడు. అయినా ఆవిడ కాపడం పెట్టింది. మనవరాలి కోసం ఆవిడ ఎవరేం చెప్పినా చేసే స్థితిలో ఉంది.

శుక్రవారం ఇల్లంతా అల్లకల్లోలం. కాపడం పెట్టిన ప్రతిసారీ పిల్ల రెండు గుటకలకే దగ్గింది, ముక్కులోకి పాలెక్కి ఊపిరాడక కాళ్లూ చేతులూ కొట్టుకుంది. కోడలు హడలిపోయి పిల్లను భుజాన వేసుకుని గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగింది. పిల్ల మొహం, పొత్తిగుడ్డ, కోడలి జాకెట్టు, దుప్పటి, అన్నీ తడిసి ముద్దయ్యాయి. "తాగిన నాలుగు చుక్కలూ కక్కేసింది" అని అత్తగారు తల పట్టుకుంది. "ఆ ఇంటావిడెవరో గానీ, ఆవిడ వైద్యానికో దండం."

పెద్దాయన బేసిన్ కొళాయిని ఏడోసారి బిగిస్తూ తలొంచుకున్నాడు. తన నోటిమాట వల్ల పసిపిల్ల ఊపిరాడక గిలగిల్లాడింది కదా అని పానా సంచిలో పడేశాడు. ఆ తర్వాత ఆ రోజంతా దాన్ని ముట్టుకోలేదు. అది ఆ ఇంట్లో వింతే.

శనివారం పొద్దున ఆరంతస్తుల బిల్డింగు నుంచి పిలుపొచ్చింది. కింది ఫ్లాటులో ఉండే ముసలావిడ తలుపు తీస్తూనే గొడవ పెట్టుకుంది.

"నీళ్లు రావట్లేదయ్యా మేస్త్రీ. పది రోజులైంది. కొళాయి కింద చెంబు పెడితే సగం కూడా నిండదు."

పెద్దాయన గోడకు చెవి పెట్టాడు. లోపల నీళ్లు హోరుమంటున్నాయి. అనుమానంగా కొళాయి తిప్పాడు. ధార చెంబు అడుక్కి తగిలి ఎగిరొచ్చి ఆయన మొహాన కొట్టింది. మీసాలు, చొక్కా, సంచి అన్నీ తడిశాయి. చెంబులో చూస్తే నిజంగానే గుక్కెడు నీళ్లు. నేలంతా చెరువు.

"ఇంత నీళ్లు నేల మీద పెట్టుకుని రావట్లేదంటారేంటమ్మా" అన్నాడు మొహం తుడుచుకుంటూ.

"చెంబులోకి రాకపోతే రానట్టేగా" అంది ఆవిడ, ఏమాత్రం తగ్గకుండా.

కారణం కనుక్కోవడం ఎంతసేపు. కొత్తగా మేడ మీద పెద్ద ట్యాంకు పెట్టారు. ఆరంతస్తుల బరువూ కింది కొళాయి మీద పడుతోంది. పెద్దాయన వాల్వు కాస్త మూశాడు. "ముందు ఆ విసురు పోనివ్వండమ్మా, తర్వాత చెంబు పెట్టండి. నిటారుగా వద్దు, ఇలా ఏటవాలుగా పట్టుకోండి" అని పట్టి చూపించాడు. చెంబు చుక్క కిందపడకుండా నిండింది. నిండిన చెంబును చూస్తూ పెద్దాయన అలాగే ఉండిపోయాడు.

ఆయన కళ్ల ముందు ఇంటి పెరట్లో దండెం మెదిలింది. ఆ పొద్దున దాని కింద వంగి వచ్చాడు. పొత్తిగుడ్డలు, తువ్వాళ్లు, జాకెట్లు, రెండు దుప్పట్లు. రోజూ అంతే. ఏ ఇంట్లోనైనా చెమ్మ కనబడితే ముందు దాని మూలమెక్కడని వెతికే మనిషి, సొంత ఇంట్లో దండెం నిండా తడిగుడ్డలు పెట్టుకుని పాలు తక్కువని నమ్మాడు. పాలు తక్కువైతే ఇన్ని గుడ్డలు ఎలా తడుస్తాయి? అడ్డమూ లేదు, గాలీ లేదు. పాలు ఎక్కువ. విసురు ఎక్కువ. ఆ చిట్టి నోరు తట్టుకోలేక వదిలేస్తోంది. పైగా తను వేడిగుడ్డ వేయించి ఆ విసురును ఇంకా పెంచాడు. ఇల్లాలు వండి వండి పెట్టి ఇంకాస్త పెంచుతోంది.

"ఓరి నా బుద్ధి మండా" అనుకుంటూ పెద్దాయన పానా సంచిలో పడేసి, ముసలావిడ పిలుస్తున్నా వినకుండా ఇంటికి పరిగెత్తాడు.

తెలుసుకోవడం ఒకెత్తు, చెప్పడం ఒకెత్తు. ఎలా చెప్పాలో కూడబలుక్కునేసరికి ఆదివారమైంది, అప్పుడు భార్యతో అన్నాడు. "అది పాలు తక్కువై కాదే. ఎక్కువై."

ఆవిడ గరిటె పట్టుకునే తిరిగింది. "మొన్న తక్కువని కాపడం పెట్టించారు. ఇవాళ ఎక్కువంటున్నారు. రేపేమంటారు? కోడలి పాల మీద మామగారి తీర్పులేంటండీ, వింటే నలుగురూ నవ్వుతారు. మీ కొళాయిలు మీరు చూసుకోండి."

ఇక మిగిలింది కొడుకు. ప్లంబరు కొడుకు ఎలక్ట్రీషియన్ అయ్యాడు. నీళ్లూ కరెంటూ పక్కపక్కన ఉండకూడదని ఇద్దరికీ బాగా తెలుసు కనక తండ్రీ కొడుకులు కూడా ఇంట్లో కాస్త దూరదూరంగానే మసులుతారు. స్టూలెక్కి ఫ్యాను తుడుస్తున్న కొడుకు దగ్గరికి వెళ్లి పెద్దాయన ట్యాంకు గురించి, చెంబు గురించి, విసురు గురించి చెప్పుకొచ్చాడు. విషయం ఎటు పోతోందో అర్థమయ్యేసరికి కొడుకు చెవులు ఎర్రబడ్డాయి.

"నాన్నా, అది పైపు కాదు."

"పైపు కాదని నాకు తెలీదట్రా. నువ్వే చెప్పు నీ పెళ్లానికి."

"నేనా? ప్లంబింగు లెక్కన చెప్పమంటావా? నన్ను ఈల వేసి బయటికి పంపిస్తుంది. రేపెలాగూ డాక్టరమ్మ చూస్తుందిగా, ఊరుకో నాన్నా."

అప్పుడిక తనే చెప్పేద్దామని లోపలి గది తలుపు దగ్గరికి వెళ్లి చెయ్యెత్తాడు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. ఎదురుగా కోడలు, కళ్ల కింద నల్లటి వలయాలు, భుజాన తడిసిన తువ్వాలు.

"ఏంటి మామయ్యా?"

పెద్దాయన ఎత్తిన చేతిని పక్కనున్న కొళాయి మీదికి దించాడు. "ఏం లేదమ్మా. కొళాయి" అన్నాడు. కోడలు ఆయన్నీ, చేతిలో పానానీ, నిక్షేపంగా ఉన్న కొళాయినీ ఒకసారి చూసి వెళ్లిపోయింది.

సోమవారం కొడుకు డ్యూటీకి వెళ్లక తప్పలేదు. అత్తా కోడలూ పిల్లతో క్లినిక్కుకు బయల్దేరారు, వెంట పెద్దాయన. తూకంలో రెండు కిలోల ఏడువందల తొంభై. ముప్పై గ్రాములే పెరిగింది. డాక్టరమ్మ పెన్ను తీసింది. కోడలు ఏడవలేదు. "ఎప్పట్నుంచి మొదలుపెట్టాలి డాక్టర్?" అని మాత్రం అడిగింది, కూడలిలో డ్యూటీ వేళ అడిగినట్టు. ఆ గొంతు విని పెద్దాయన వరండాలో గోడకు ఆనుకున్నాడు.

డబ్బా పాలు కలిపే పద్ధతి పెద్ద సిస్టరు చెబుతుందని వాళ్లను చివరి గదికి పంపారు. కోడలు, అత్తగారు లోపలికి వెళ్లారు. పెద్ద సిస్టరంటే ముక్కు మీద కళ్లద్దాలు, ముప్పై ఏళ్ల అనుభవం, నడిచొస్తుంటే బల్లలు తప్పుకుంటాయేమో అనిపించే మనిషి. లోపలికి వెళ్లబోతూ చేతులు కడుక్కోవడానికి వరండాలో కొళాయి తిప్పింది. నీళ్లు ఎగిరొచ్చి ఆమె కళ్లద్దాల మీద పడ్డాయి.

"నెల రోజుల్నుంచి చెబుతున్నా, ఒక్కడూ చూడడు" అని ఆవిడ గొణిగింది.

పెద్దాయన చేతిలోకి పానా దానంతటదే వచ్చినట్టయింది. "రెండు నిమిషాలు సిస్టరమ్మా" అని బేసిన్ కిందికి వంగాడు. వంగాడు గానీ వాల్వు ముట్టుకోలేదు. పైకి లేచి, పక్కనున్న మంచినీళ్ల క్యాను దగ్గర్నుంచి కాగితం గ్లాసు తెచ్చి కొళాయి కింద పెట్టాడు.

"ముందు ఇది చూడండి. ఇందులో నీళ్లు నిలుస్తున్నాయా? నిలవవు. చూసేవాళ్లు నీళ్లు తక్కువనుకుంటారు. తక్కువ కాదు తల్లీ, విసురెక్కువ."

"సరేనయ్యా, బాగుచెయ్యి మరి. నాకు లోపల పనుంది."

"అదేనమ్మా నేను చెప్పేది. మా ఇంట్లోనూ ఇదే జబ్బు." పెద్దాయన గ్లాసు వంకే చూస్తూ అన్నాడు. ఆవిడ మొహంలోకి చూసే ధైర్యం లేదు. "మా ఇంట్లో గ్లాసు వయసు పదిహేడు రోజులు. నాలుగు గుటకలకే దగ్గుతుంది, వదిలేసి ఏడుస్తుంది. రోజుకు పద్నాలుగు గుడ్డలు తడుస్తాయి, నేను లెక్కపెట్టాను. నేను మామగారిని, ఇవన్నీ నాకెందుకంటారు. మీరైతే అడగొచ్చు."

పెద్ద సిస్టరు కళ్లద్దాలు తుడుచుకోవడం ఆపింది. ఆయన్ని ఎగాదిగా చూసింది. గ్లాసును చూసింది. తర్వాత చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లి పరదా వేసింది. కొళాయి సంగతి మర్చిపోయింది.

పరదా ఇవతల పెద్దాయన, అవతల మాటలు. ఈసారి దాక్కోవాల్సిన పని కూడా లేకపోయింది, ఆ సిస్టరు గొంతు వీధి చివరికైనా వినబడుతుంది. పిల్ల నోరు తెరిచి చూసింది, నాలుక బాగానే ఉందంది. రొమ్ము పట్టే తీరు చూసింది. పిల్ల దగ్గి వదిలేసిన క్షణంలో పాలు చివ్వున చిమ్మి ఆవిడ కళ్లద్దాల మీదే పడ్డాయి, పొద్దుట్నుంచి రెండోసారి.

"ఎవరమ్మా పాలు తక్కువన్నది?" అంది సిస్టరు.

లోపల అత్తగారి గాజులు గలగలమన్నాయి.

"నీకు పాలు పొంగిపొర్లుతున్నాయి. మొదట్లో ధార గట్టిగా వస్తోంది, పసిది అంత వేగం మింగలేదు. అందుకే మొహం తిప్పేస్తోంది. ముందు ఆ విసురు గుడ్డలోకి పోనివ్వు. నెమ్మదించాక అందించు. నిటారుగా కూర్చోకు, వెనక్కి వాలు. ఇంకా వాలు. పిల్లని నీ మీద బోర్లా వేసుకో. అదిగో, ఇప్పుడు పాలు పైకెక్కాలి, ఆ విసురుండదు."

"అంటే ముందు అటు రద్దీ వదిలేసి, తర్వాత ఈ చిన్న బండికి దారివ్వాలి" అంది కోడలు నెమ్మదిగా.

"ఆఁ, ఏదైతేనేం, అర్థమైందిగా."

గుటక. పెద్దాయన ఊపిరి బిగబట్టాడు. గుటక, గుటక. ఐదు లెక్కపెట్టాడు. దగ్గు రాలేదు. పది. ఇరవై. మధ్యలో చిన్న విరామం, చిన్న మూలుగు, మళ్లీ గుటక. ఆ తర్వాత లెక్క తప్పిపోయింది. కళ్లు ఎందుకు మసకబారాయో ఆయనకు వెంటనే అర్థం కాలేదు, కొళాయి నీళ్లు పడ్డాయేమో అనుకుని తుడుచుకున్నాడు. ఏం చేయాలో తోచక వంగి ఆ వాల్వు కాస్తా బిగించేశాడు.

డాక్టరమ్మ వచ్చి చూసి, రాసిన కాగితం మడిచి పక్కన పెట్టింది. "శుక్రవారం దాకా చూద్దాం. ఈలోపు గుడ్డలోకి వృథాగా పోయేవి శుభ్రమైన గిన్నెలోకి పట్టి, చెంచాతో అవి కూడా తాగించండి" అంది. వంటింటి ప్రయోగాలన్నీ ఆపెయ్యమని అత్తగారికి విడిగా చెప్పింది. దారిలో అత్తగారు చేతిలోని తడిగుడ్డను మడతలు పెడుతూ వచ్చింది. చివరికి "ఆ గుడ్డలు ఉతికింది నేను. నాకు తట్టలేదు చూడండి" అంది. పెద్దాయన తెలివైనవాడు, రోడ్డు వంక చూడ్డంలో పడ్డాడు.

శుక్రవారం పిల్ల రెండు కిలోల తొమ్మిదివందల నలభై తూగింది. క్లినిక్కు నుంచే ఫోన్లో విన్న కొడుకు ఎవరింట్లోనో స్టూలు మీద నిలబడే కేక పెట్టాడట, ఆ ఇంటివాళ్లు కరెంటు షాకనుకుని మెయిను ఆపేశారట.

ఆ సాయంత్రం పెద్దాయన పని నుంచి వచ్చి చెప్పులు విడిచాడు. లోపలి గది తలుపు దగ్గరగా వేసుంది. అలవాటు ఎక్కడికి పోతుంది, కాళ్లు వాటంతటవే బేసిన్ దగ్గరికి నడిచాయి. కొళాయి మీద పానా ఆనించాడో లేదో, లోపల్నుంచి కోడలి గొంతు వచ్చింది. కూడలిలో లారీలను ఆపే గొంతు, కాకపోతే పిల్ల ఉలిక్కిపడకుండా తగ్గించిన గొంతు.

"మామయ్యా, ఆ కొళాయినిక వదిలెయ్యండి. పాపం, దానికి మరలు అరిగిపోయుంటాయి."

పెద్దాయన కొయ్యబారిపోయాడు.

"పెద్ద సిస్టరు అంతా చెప్పింది నాకు. కాగితం గ్లాసు సంగతి కూడా." పిల్లను సర్దుకున్న చప్పుడైంది. "మీరు రోజూ అక్కడే నిలబడతారని నాకు ముందే తెలుసు. లోపల నేనూ పిల్లా ఏడుస్తుంటే, బయట మీ పానా చప్పుడు వినబడేది. ఎవరో ఉన్నార్లే అనుకునేదాన్ని."

పెద్దాయన తలుపు వైపు తిరిగాడు. పానా మెల్లగా సంచిలో పెట్టాడు, చప్పుడు కాకుండా.

"ఇంతకీ చెప్పండి మామయ్యా. మీ చెవికి ఎలా ఉంది?"

పెద్దాయన అటూ ఇటూ చూశాడు. వంటింటి గుమ్మంలో భార్య నిలబడి చూస్తోంది. గరిటె చప్పుడు కాకుండా పక్కన పెట్టి, వినమన్నట్టు తలుపు వైపు గడ్డం ఎత్తి చూపింది. అప్పుడు ఆయన దాపరికం లేకుండా, నలభై ఏళ్లుగా గోడలకు పెట్టినట్టే, ఆ తలుపుకు చెవి పెట్టాడు. గుటక, గుటక, చిన్న నిట్టూర్పు, గుటక.

"సాఫీగా ఉందమ్మా" అన్నాడు. "ఎక్కడా లోపం లేదు."

"ఇప్పుడు మొహం తిప్పుకోవట్లేదు మామయ్యా. నా వంకే చూస్తోంది."

"నిన్ను చూసి అదెప్పుడూ ఏడవలేదు తల్లీ" అన్నాడు పెద్దాయన, చెవి తలుపు మీద నుంచి తీయకుండానే.